డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్: పట్టికతో పాఠం మొదలుపెట్టకండి

ఒకరన్న మాటను ఉన్నదున్నట్టు ఇన్‌వర్టెడ్ కామాల్లో రాస్తే డైరెక్ట్ స్పీచ్, మన మాటల్లో చేరవేస్తే ఇన్‌డైరెక్ట్ స్పీచ్. హైస్కూల్లో మొదలై పోటీ పరీక్షల దాకా వదలకుండా వెంటపడే గ్రామర్ పాఠం ఇది. డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష సిలబస్‌లో కూడా ఉంది. అయినా డిగ్రీ పూర్తి చేసినవాళ్లు సైతం “హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్” అని నిశ్చింతగా రాసేస్తారు. నియమాలు తెలియక కాదు. “విల్” కాస్తా “వుడ్” అవుతుందనీ, “టుమారో” వస్తే “ద నెక్స్ట్ డే” రాయాలనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పట్టిక నోటికి వచ్చు, వాక్యమే రాదు.

గైడ్లన్నీ ఈ పాఠాన్ని స్టేట్‌మెంట్లతో, అందులోనూ పన్నెండు వరుసల టెన్స్ పట్టికతో మొదలుపెడతాయి. తెలుగు పిల్లలకు ఈ పాఠంలో కొరుకుడు పడనిది ఏదైనా ఉందంటే అదే. దాన్ని మొదటిరోజే ముందు పెడితే మిగతాదంతా కూడా అలాగే ఉంటుందనుకుని బట్టీకి దిగుతారు. నిజానికి మిగతాదంతా వాళ్లకు తెలుగులో ముందే వచ్చు. అక్కడి నుంచి బయల్దేరితే సరిపోతుంది.

ఏం వచ్చో చూద్దాం. తెలుగు వాచకాల్లోనే ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అనే పాఠం ఉంటుంది. “నేను నీతో రాలేను” అని సీత గీతతో చెప్పింది. దీన్ని పరోక్షంలో రాయమంటే, తాను ఆమెతో రాలేనని సీత గీతతో చెప్పింది, అని పిల్లలు రాసేస్తారు. అంటే “నేను” మారాలని వాళ్లకు తెలుసు, “నీతో” మారాలని తెలుసు. కానీ ఆ క్రియను చూడండి. “రాలేను” అక్కడే ఉంది. చెప్పింది నిన్నయినా, నిరుడైనా అది కదలదు. మన “అని” లోపలి మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని నిలబెడుతుంది. అందుకే మన పిల్లవాడు “సీత సెడ్ దట్ షి కెనాట్ కమ్” అని రాస్తాడు. “కెనాట్”ను “కుడ్ నాట్”గా మార్చాలని వాడికి ఏ కోశానా తోచదు, తోచాల్సిన కారణమూ లేదు. ఈ పాఠానికి కేటాయించిన సమయంలో సగం ఈ ఒక్క ముడి విప్పడానికే పోవాలి. మిగతావి చకచకా సాగిపోతాయి.

అందుకని వరుస మార్చండి. ముందు ఆజ్ఞలు, తర్వాత “సేజ్”తో మొదలయ్యే వాక్యాలు, ఆ తర్వాత టెన్స్, చివర ప్రశ్నలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లు ఎనిమిది ఉంటే హాయిగా పూర్తవుతుంది. అయితే ఒక షరతు. “గో, వెంట్, గాన్” లాంటి మూడు రూపాలు క్లాసులో సగం మందికి రాకపోతే ఈ పాఠం జోలికే పోవద్దు. ముందు ఒకటి రెండు పీరియడ్లు వాటికే ఇవ్వండి. మూడో రూపం రానివాడికి పాస్ట్ పర్ఫెక్ట్ (“హ్యాడ్ గాన్” లాంటి రూపం) చెప్పడం వృథా ప్రయాస.

ఆజ్ఞలు ముందెందుకంటే, తెలుగులో కూడా క్రియ రూపం మారేది ఇక్కడే. “రా” అన్న మాటను ఇంకొకరికి చెప్పేటప్పుడు “రా అని చెప్పాడు” అనం, “రమ్మన్నాడు” అంటాం. “కూర్చో” వచ్చి “కూర్చోమన్నారు” అవుతుంది. “కిటికీ వెయ్యి” వచ్చి “కిటికీ వేయమన్నారు” అవుతుంది. ఈ “మని” ఉన్న చోట ఇంగ్లిష్‌లో “టు” పెడితే అయిపోయింది. వెనక బెంచీలో కూర్చున్న రవి దగ్గరికి వెళ్లి మెల్లగా “క్లోజ్ ద విండో” అనండి. ముందు బెంచీలోని అమ్మాయిని “నేను రవికి ఏం చెప్పాను?” అని అడగండి. “కిటికీ వేయమన్నారు సార్” అంటుంది. ఆ తెలుగు వాక్యాన్ని బోర్డు మీద రాసి, “వేయమ” కింద గీత గీసి, దాని కిందే ఇలా రాయండి:

సర్ టోల్డ్ రవి టు క్లోజ్ ద విండో.

వద్దన్న మాటకు “నాట్ టు”. “పరిగెత్తొద్దన్నారు” అంటే “టోల్డ్ అజ్ నాట్ టు రన్”. ఇక్కడ రెండు రకాల తప్పులు వస్తాయి. “టోల్డ్ అజ్ డోంట్ రన్” అనేది ఒకటి. ఇది “అని” అలవాటు వల్ల వచ్చేది, లోపలి మాటను అలాగే దించేయడం. రెండోది “టు నాట్ రన్”. మాటల్లో అక్కడక్కడా వినిపించినా పరీక్షలో “నాట్ టు” అనే రాయించండి. “ఫర్‌బేడ్” వాడితే అందులోనే వద్దన్న అర్థం ఉంది, మళ్లీ “నాట్” పెడితే అర్థం తలకిందులవుతుంది.

“టోల్డ్” ఒక్కటే వాడితే వ్యాకరణం తప్పు కాదు గానీ మార్కులు తగ్గుతాయి. ఎవరు ఎవరితో అన్నారో చూసి క్రియను ఎంచుకోవడం నేర్పాలి. ఎస్సై కానిస్టేబుల్‌తో అంటే “ఆర్డర్డ్”. డాక్టర్ పేషెంట్‌తో అంటే “అడ్వైజ్డ్”. స్టూడెంట్ టీచర్‌తో అంటే “రిక్వెస్టెడ్”. కరెంటు తీగ ముట్టుకోవద్దని లైన్‌మన్ అంటే “వార్న్‌డ్”. “ప్లీజ్” కనిపిస్తే “రిక్వెస్టెడ్” రాసి “ప్లీజ్”ను తీసేయాలి. చాలామంది రెండూ ఉంచుతారు. “రవి, కమ్ హియర్” లాంటి వాక్యంలో పిలిచిన పేరు లోపల ఉండకూడదు, “టోల్డ్ రవి” అని బయటికి రావాలి.

“లెట్ అస్ గో” అంటే “వెళ్దాం”. దీనికి “సజెస్టెడ్” వాడతాం. ఇక్కడ “టు” అలవాటు ఎదురు తిరుగుతుంది. “సజెస్టెడ్ టు గో” తప్పు. “సజెస్టెడ్ దట్ దే షుడ్ గో” అనైనా, “సజెస్టెడ్ గోయింగ్” అనైనా రాయాలి. అదే “లెట్ మి గో” అయితే “వెళ్దాం” కాదు, “వెళ్లనివ్వండి”. కాబట్టి “రిక్వెస్టెడ్ హిమ్ టు లెట్ హర్ గో”. రెంటికీ తెలుగు చెప్పించి, ఆ తర్వాతే ఇంగ్లిష్ రాయించండి.

రెండో మజిలీ “సేజ్”. రిపోర్టింగ్ వర్బ్, అంటే “అన్నాడు, అంటాడు” అని చెప్పే బయటి క్రియ, ప్రెజెంట్‌లో ఉంటే లోపల టెన్స్ కదలదు కాబట్టి పిల్లల దృష్టంతా ప్రోనౌన్ల మీదే ఉంటుంది. కోచింగ్ సెంటర్లలో “సన్” రూల్ అని ఒకటి చెబుతారు. ఫస్ట్ పర్సన్ సబ్జెక్టును బట్టి, సెకండ్ పర్సన్ ఆబ్జెక్టును బట్టి మారుతాయి, థర్డ్ పర్సన్ మారదు. సబ్జెక్టుకు ఎస్, ఆబ్జెక్టుకు ఓ, “నో ఛేంజ్”కు ఎన్. మంచి రూలే, పరీక్షలో బాగా పనిచేస్తుంది. కానీ ఎందుకు పనిచేస్తుందో తెలియని పిల్లవాడికి “హి సెడ్, ‘యు ఆర్ లేట్’” అనే వాక్యం ఇస్తే బిగుసుకుపోతాడు. ఆబ్జెక్టే లేదు మరి. వింటున్నది నేనే అనుకుని “హి సెడ్ దట్ ఐ వాజ్ లేట్” అని రాయొచ్చని ముందే చెప్పి ఉంచండి.

అసలు కిటుకు ముగ్గురిని నిలబెట్టి చేయించడంలో ఉంది. సీత రవితో అంటుంది: “ఐ హ్యావ్ యువర్ పెన్.” దీన్ని పక్కనున్న కిరణ్ చెబితే:

సీత టెల్స్ రవి దట్ షి హ్యాజ్ హిజ్ పెన్.

రవే చెబితే:

సీత టెల్స్ మి దట్ షి హ్యాజ్ మై పెన్.

సీతే చెబితే:

ఐ టెల్ రవి దట్ ఐ హ్యావ్ హిజ్ పెన్.

అన్న మాట ఒకటే, చేరవేసేవాళ్లు మారేసరికి మూడు వాక్యాలయ్యాయి. “హ్యావ్” కాస్తా “హ్యాజ్” అయిందన్న సంగతి కూడా ఇక్కడే పట్టించుకోవాలి. ప్రోనౌన్ మార్చి క్రియను అలాగే వదిలేసి “షి హ్యావ్” అని రాసేవాళ్లు క్లాసుకు నలుగురైదుగురు ఉంటారు.

తెలుగులో ఉన్న ఒక సౌకర్యం ఇంగ్లిష్‌లో లేదు. “తన ఫోన్ పోయిందని రవి కిరణ్‌తో చెప్పాడు” అంటే రవి ఫోనే పోయిందని మనకు అర్థమవుతుంది. “రవి టోల్డ్ కిరణ్ దట్ హి హ్యాడ్ లాస్ట్ హిజ్ ఫోన్” అంటే ఎవరి ఫోనో ఇంగ్లిష్ వాక్యం చెప్పదు. పరీక్షలో ఇంతవరకు రాస్తే చాలు. సొంతంగా రాసుకునే పేరాలో మాత్రం అయోమయం వచ్చే చోట పేరే రాయమని చెప్పండి.

ఈ మజిలీలోనే “సే”, “టెల్” తేడా కూడా తేల్చేయాలి. “టెల్” పక్కన మనిషి ఉండి తీరాలి: “టోల్డ్ మి”, “టోల్డ్ రవి”. “సే” పక్కన మనిషి రావాలంటే “టు” కావాలి. “నాతో చెప్పాడు” అనే అలవాటు వల్ల “టోల్డ్ టు మి”, “టోల్డ్ విత్ మి” పుట్టుకొస్తాయి. “సెడ్ మి”, “టోల్డ్ దట్” కూడా వస్తాయి. నాలుగూ తప్పే. నాలుగింటినీ బోర్డు మీద ఓ మూల రాసి కొట్టేసి, పాఠం అయ్యేదాకా చెరపకుండా ఉంచితే మంచిది.

ఇప్పుడు అసలు ముడి, టెన్స్. పన్నెండు వరుసల పట్టిక అక్కర్లేదు. పిల్లలతో ఒక్క మాట చెప్పండి: ఎంత పొడవైన క్రియ అయినా మొదటి ముక్కనే ముట్టుకో. “హ్యాజ్ బీన్ వర్కింగ్”లో మూడు ముక్కలున్నా మారేది “హ్యాజ్” ఒక్కటే, అది “హ్యాడ్” అవుతుంది. “విల్ హ్యావ్ ఫినిష్డ్”లో “విల్” ఒక్కటే “వుడ్” అవుతుంది. “ఈజ్ బీయింగ్ రిపేర్డ్”లో “ఈజ్” ఒక్కటే “వాజ్” అవుతుంది. అప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన జతలు ఇన్నే: “యామ్, ఈజ్” వస్తే “వాజ్”, “ఆర్” వస్తే “వర్”, “హ్యావ్, హ్యాజ్” వస్తే “హ్యాడ్”, “విల్” వస్తే “వుడ్”, “కెన్” వస్తే “కుడ్”, “మే” వస్తే “మైట్”. సహాయక క్రియ లేకుండా “గో, గోజ్” అని ఉంటే “వెంట్”. “డు నాట్, డజ్ నాట్” ఉంటే “డిడ్ నాట్”. ప్రోనౌన్ మారితే “వాజ్”, “వర్”లలో ఏది పెట్టాలో కొత్త సబ్జెక్టును చూసి తేల్చుకోవాలి.

లోపలి క్రియ అప్పటికే పాస్ట్‌లో ఉంటే దాని ముందు “హ్యాడ్” చేరుతుంది. “వెంట్” వస్తే “హ్యాడ్ గాన్”, “వాజ్ ప్లేయింగ్” వస్తే “హ్యాడ్ బీన్ ప్లేయింగ్”. ముందే “హ్యాడ్” ఉంటే ఇక వెనక్కి జరగడానికి చోటు లేదు, అలాగే వదిలేయాలి. “వుడ్, కుడ్, షుడ్, మైట్, ఆట్ టు” కూడా కదలవు.

ఒక వాక్యాన్ని అడుగడుగునా విప్పి చూపిద్దాం.

కిరణ్ సెడ్ టు మి, “ఐ విల్ బ్రింగ్ యువర్ బుక్ హియర్ టుమారో.”

కిరణ్ టోల్డ్ మి దట్ హి వుడ్ బ్రింగ్ మై బుక్ దేర్ ద నెక్స్ట్ డే.

ఇందులో ఏడు మార్పులున్నాయి. “సెడ్ టు” పోయి “టోల్డ్” వచ్చింది. కామా, ఇన్‌వర్టెడ్ కామాలు పోయి “దట్” వచ్చింది. “ఐ” పోయి “హి”, “విల్” పోయి “వుడ్”, “యువర్” పోయి “మై”, “హియర్” పోయి “దేర్”, “టుమారో” పోయి “ద నెక్స్ట్ డే”. మారే మాటల కింద రంగు సుద్దముక్కతో గీతలు గీయించండి: ప్రోనౌన్లకు ఒక రంగు, క్రియకు ఒకటి, కాలం, చోటు చెప్పే మాటలకు ఇంకొకటి. జవాబు రాసే ముందు పిల్లలు పెన్సిల్‌తో ఈ గీతలు గీసుకోవాలి. తప్పుల్లో ఎక్కువ భాగం నియమం తెలియక వచ్చేవి కావు. అయిదు మార్చి ఆరోదాన్ని మరిచిపోవడం వల్ల వచ్చేవి. గీత గీస్తే లెక్క తప్పదు.

“మస్ట్” దగ్గర కాస్త ఆగండి. చేసి తీరాలన్న అర్థంలో ఉంటే “హ్యాడ్ టు”. “ఐ మస్ట్ గో” అంటే “హి సెడ్ దట్ హి హ్యాడ్ టు గో”. “ఇంట్లోనే ఉండి ఉంటాడు” తరహా ఊహకు, అంటే “హి మస్ట్ బి ఎట్ హోమ్” లాంటి దానికి, “హ్యాడ్ టు” పెడితే అర్థం చెడుతుంది. అక్కడ “మస్ట్” అలాగే ఉండాలి. గైడ్లు ఈ తేడా చెప్పకుండా “మస్ట్ అంటే హ్యాడ్ టు” అని ఒక్క గీత గీసి వదిలేస్తాయి.

టెన్స్ మారని చోట్లకు అందరూ ఇచ్చే ఉదాహరణ సూర్యుడిదీ భూమిదీ. ఎంతగా ఇస్తారంటే, సూర్యుడు కనిపిస్తేనే టెన్స్ మారదని పిల్లలు నమ్మే స్థితి వచ్చింది. “వాటర్ బాయిల్స్ ఎట్ హండ్రెడ్ డిగ్రీస్”, “ఐరన్ రస్ట్స్”, “టూ అండ్ టూ మేక్ ఫోర్” కూడా కలిపి ఇవ్వండి. మరి “హైదరాబాద్ ఈజ్ ద క్యాపిటల్ ఆఫ్ తెలంగాణ”? ఇప్పటికీ నిజమే కాబట్టి “ఈజ్” ఉంచొచ్చు, “వాజ్” రాసినా వ్యాకరణం తప్పు కాదు. శాశ్వత సత్యాలకు పరీక్షల్లో మార్చని రూపాన్నే సరైనదిగా తీసుకుంటారు కాబట్టి అక్కడ మార్చకుండా ఉంచడమే క్షేమం. శాశ్వత సత్యమో కాదో తేల్చుకోలేని మామూలు వాక్యాల్లో మాత్రం మార్చేయమనండి.

“ఇఫ్ ఐ వర్ రిచ్, ఐ వుడ్ బై ఎ కార్” లాంటి ఊహల్లో ప్రోనౌన్ తప్ప ఏదీ మారదు. “ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే హోమ్” లాంటి జరగగల విషయాల్లో రెండు క్రియలూ మారతాయి: “ఇఫ్ ఇట్ రెయిన్డ్, హి వుడ్ స్టే హోమ్”. పిల్లలు “వుడ్” పెట్టి “రెయిన్స్”ను మరిచిపోతారు. ఒక వాక్యంలో ఎన్ని క్రియలుంటే అన్నింటి కిందా గీత పడాలి.

కాలం, చోటు చెప్పే మాటల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది: “నౌ” వస్తే “దెన్”, “టుడే” వస్తే “దట్ డే”, “యెస్టర్డే” వస్తే “ద డే బిఫోర్”, “ఎగో” వస్తే “బిఫోర్”, “నెక్స్ట్ వీక్” వస్తే “ద ఫాలోయింగ్ వీక్”, “దిస్” వస్తే “దట్”, “దీజ్” వస్తే “దోజ్”. పట్టికలో ఉండని రెండు సంగతులు చెప్పండి. ఒకటి, ఇవి మారేది రోజు గడిచినందువల్ల, చోటు మారినందువల్ల. పొద్దున కిరణ్ “టుమారో వస్తా” అన్న మాటను ఈ సాయంత్రమే చెబుతుంటే “టుమారో” అలాగే ఉంటుంది. పరీక్షలో ఎప్పుడు చెబుతున్నారో ఇవ్వరు, అందుకే మార్చేస్తాం. రెండు, “నౌ, చిల్డ్రన్, ఓపెన్ యువర్ బుక్స్” లోని “నౌ” కాలాన్ని చెప్పడం లేదు, మన “సరే, ఇక” లాంటిది. దాన్ని “దెన్” చేయకూడదు, తీసేయాలి. ఇక “నెక్స్ట్ డే” ముందు “ద” ఉండాలి, “దట్ డే” ముందు ఉండకూడదు.

ప్రశ్నల దగ్గరికి వద్దాం. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, తెలుగు బాగా సాయం చేసేదీ ఇక్కడే. ఒక మామూలు తప్పు జవాబు తీసుకోండి. ప్రశ్న ఇది:

ద టీచర్ సెడ్ టు మి, “వై ఆర్ యు లేట్ టుడే?”

పిల్లవాడి జవాబు:

ద టీచర్ ఆస్క్‌డ్ మి దట్ వై ఆర్ యు లేట్ టుడే?

ఆరు తప్పులు. “దట్” ఉండకూడదు. “ఆర్ యు” వరుస తిరగాలి. “యు” మారాలి. “ఆర్” మారాలి. “టుడే” మారాలి. చివర ప్రశ్నార్థకం పోయి ఫుల్‌స్టాప్ రావాలి. ఆరింటికీ మూలం ఒకటే: వాడి మనసులో ఉన్న వాక్యం “ఈరోజు ఎందుకు లేటయ్యావని టీచర్ అడిగారు”. ఆ “అని” వచ్చి “దట్” అయింది. మిగతాదంతా ప్రశ్నను అలాగే దించేయడం.

ఇదే సంగతిని తెలుగులో ఇంకోలా కూడా చెప్పొచ్చు: “నేను ఎందుకు లేటయ్యానో టీచర్ అడిగారు.” “అని” పోయింది. “నేను” వచ్చింది. ప్రశ్న కాస్తా మామూలు వాక్యంలో ఒదిగిపోయింది. ఇంగ్లిష్ అడిగేది సరిగ్గా ఈ రూపమే. “నేను ఎక్కడ ఉంటానో అడిగాడు”, “నా పేరేంటో అడిగింది”, “నేను ఎప్పుడు వెళ్తానో అడిగారు”. ప్రశ్నను ఇంగ్లిష్‌లో మార్చే ముందు ప్రతిసారీ ఈ “ఓ” రూపంలో నోటితో చెప్పించండి. ఒక పీరియడంతా నోటి పనే పెట్టుకున్నా నష్టం లేదు. “దట్” బెడద దానంతటదే తగ్గుతుంది, ప్రోనౌన్ సరిగ్గా పడుతుంది. టెన్స్ ఒక్కటి మాత్రం తెలుగులో ఇక్కడా కదలదు కాబట్టి దాన్ని విడిగా గుర్తు చేయాలి.

ద టీచర్ ఆస్క్‌డ్ మి వై ఐ వాజ్ లేట్ దట్ డే.

అవును, కాదు జవాబుగా వచ్చే ప్రశ్నలకు “ఇఫ్” లేదా “వెదర్”. తెలుగులో దీనికీ రూపం ఉంది: “నేను వస్తానో రానో అడిగాడు”. ఆ “ఓ... ఓ” ఉన్నచోట “వెదర్” అని చెబితే మళ్లీ చెప్పక్కర్లేదు. ఇక్కడ ముఖ్యమైన ప్రమాదం “డు, డజ్, డిడ్”. ఇవి ప్రశ్న కోసం వచ్చినవి, ప్రశ్న పోగానే ఇవీ పోవాలి. పోతూ పోతూ తమ టెన్స్‌ను అసలు క్రియకు అప్పగించి పోతాయి.

హి సెడ్ టు మి, “డిడ్ యు సీ ద మ్యాచ్?”

దీన్ని ఒక్క దెబ్బలో మార్చొద్దు. ముందు ప్రశ్నను మామూలు వాక్యం చేయించండి: “యు సా ద మ్యాచ్”. తర్వాత ప్రోనౌన్: “ఐ సా ద మ్యాచ్”. ఆ తర్వాత టెన్స్: “ఐ హ్యాడ్ సీన్ ద మ్యాచ్”. అప్పుడు ముందు భాగం తగిలించాలి: “హి ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ సీన్ ద మ్యాచ్.” ఈ మధ్య మెట్టు ఎగ్గొట్టినవాళ్లే “ఇఫ్ డిడ్ ఐ సీ” అని రాస్తారు. “హూ బ్రోక్ ద గ్లాస్?” లాంటి వాటిలో “హూ”నే సబ్జెక్టు కాబట్టి వరుస తిరగేయడానికి ఏమీ లేదు: “ఆస్క్‌డ్ హూ హ్యాడ్ బ్రోకెన్ ద గ్లాస్”.

ఆశ్చర్యార్థక వాక్యాల మీద ఎక్కువ సమయం పెట్టకండి. “అలాస్!” అని ఎవరూ ఏడవరు, “హుర్రే!” అని అరిచేవాళ్లూ అరుదే. పరీక్ష కోసం మూడు మాటలు చాలు: ఆ అరుపు తీసేసి “ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్” లేదా “విత్ సారో” రాయాలి, “దట్” పెట్టాలి, “వాట్ ఎ బ్యూటిఫుల్ ఫ్లవర్” అంటే “ఇట్ వాజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ ఫ్లవర్” చేయాలి. అంతకంటే ఉపయోగపడేవి “థ్యాంక్డ్, విష్డ్, కంగ్రాచులేటెడ్, అపాలజైజ్డ్, రెఫ్యూజ్డ్, ప్రామిస్డ్”. “సారీ, ఐ యామ్ లేట్” అన్న మాటను “హి అపాలజైజ్డ్ ఫర్ బీయింగ్ లేట్” అని కుదించగలిగినవాడికి పాఠం ఒంటబట్టినట్టే.

విడి వాక్యాలు వచ్చాక సంభాషణ ఇవ్వండి. డాక్టర్ గది సంభాషణ బాగా కుదురుతుంది, ఎందుకంటే ప్రశ్న, జవాబు, సలహా మూడూ అందులో ఉంటాయి.

డాక్టర్: “హౌ లాంగ్ హ్యావ్ యు హ్యాడ్ ద ఫీవర్?”
పేషెంట్: “ఇట్ స్టార్టెడ్ యెస్టర్డే.”
డాక్టర్: “డిడ్ యు టేక్ ఎనీ మెడిసిన్?”
పేషెంట్: “నో. ఐ యామ్ అలర్జిక్ టు సమ్ టాబ్లెట్స్.”
డాక్టర్: “డోంట్ వర్రీ. కమ్ అగైన్ టుమారో.”

రిపోర్ట్ ఇలా వస్తుంది:

ద డాక్టర్ ఆస్క్‌డ్ ద పేషెంట్ హౌ లాంగ్ హి హ్యాడ్ హ్యాడ్ ద ఫీవర్. ద పేషెంట్ రిప్లైడ్ దట్ ఇట్ హ్యాడ్ స్టార్టెడ్ ద డే బిఫోర్. వెన్ ద డాక్టర్ ఆస్క్‌డ్ వెదర్ హి హ్యాడ్ టేకెన్ ఎనీ మెడిసిన్, హి సెడ్ దట్ హి హ్యాడ్ నాట్, అండ్ యాడెడ్ దట్ హి వాజ్ అలర్జిక్ టు సమ్ టాబ్లెట్స్. ద డాక్టర్ టోల్డ్ హిమ్ నాట్ టు వర్రీ అండ్ అడ్వైజ్డ్ హిమ్ టు కమ్ అగైన్ ద నెక్స్ట్ డే.

“హ్యాడ్ హ్యాడ్” చూసి పిల్లలు ఒకటి కొట్టేస్తారు, పొరపాటున రెండుసార్లు పడిందనుకుని. మొదటిది సహాయక క్రియ, రెండోది “హ్యావ్” మూడో రూపం. రెండూ ఉండాలి. “నో” అనే జవాబును “హి సెడ్ నో” అని కాకుండా “హ్యాడ్ నాట్” అని ఎలా మార్చామో చూపించండి. ప్రతి వాక్యానికీ “సెడ్, సెడ్” అని కాకుండా “రిప్లైడ్”, “యాడెడ్” వాడితే పేరా అతుకుల బొంతలా ఉండదు.

బిట్ పేపర్ రాసే అభ్యర్థులకు వేరే కిటుకు కావాలి. నాలుగు ఆప్షన్లనూ మొదటి నుంచి చివరి దాకా చదవక్కర్లేదు. ప్రశ్న వాక్యమైతే ముందు “ఆస్క్‌డ్” తర్వాత “దట్” ఉన్నవాటిని, ప్రశ్నార్థకం ఉన్నవాటిని కొట్టేయాలి. తర్వాత “ఆర్ యు”, “వాజ్ హి” లాంటి ప్రశ్న వరుస ఉన్నవి పోతాయి. ఆపై ప్రోనౌన్, చివరగా టెన్స్. ఈ వరుసలో వెళ్తే తరచుగా టెన్స్ దాకా రాకుండానే ఒక్కటి మిగులుతుంది.

స్కూల్లో పేపర్లు దిద్దేటప్పుడు వాక్యం మొత్తానికి రైట్ లేదా రాంగ్ పెట్టకండి. క్లాస్ టెస్టులో ఒక వాక్యంలో ఆరు మార్పులుంటే ఆరు మార్కులివ్వండి. పిల్లవాడికి నాలుగు వచ్చాయంటే ఏ రెండు రాలేదో వాడికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. క్లాసులో అందరికీ ఒకే రంగు గీత దగ్గర మార్కు పోతుంటే ఆ మజిలీకి మళ్లీ వెళ్లాలి.

ఇన్‌డైరెక్ట్ నుంచి డైరెక్ట్‌కు మార్చడం అన్నింటికంటే చివర పెట్టండి, ముందు పెడితే రెండూ కలగాపులగమవుతాయి. ఇక్కడ దిద్దేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. “షి సెడ్ దట్ షి హ్యాడ్ ఫినిష్డ్ ద వర్క్” అనే వాక్యానికి లోపలి మాట “ఐ ఫినిష్డ్” కావచ్చు, “ఐ హ్యావ్ ఫినిష్డ్” కావచ్చు, “ఐ హ్యాడ్ ఫినిష్డ్” కూడా కావచ్చు. ముగ్గురు పిల్లలు మూడు రకాలుగా రాస్తే ముగ్గురికీ పూర్తి మార్కులివ్వాలి. కామా, ఇన్‌వర్టెడ్ కామాలు, లోపలి మొదటి అక్షరం క్యాపిటల్, ఫుల్‌స్టాప్ ఇన్‌వర్టెడ్ కామా లోపలే ఉండటం, వీటిలో ఏది తప్పినా మాత్రం కోత పెట్టొచ్చు.